చంటిబిడ్డ మంచాన్ని కొలిచి ఎంచుకోవాలి

సంపాదకులకు నమస్కారములు.

ఒడిశాలోని గజపతి, రాయగడ, గంజాం జిల్లాల్లో తరతరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబాల్లో తొలిచూలు బిడ్డకు పుట్టింటివారు ఉయ్యాల పెట్టడం ఆనవాయితీ. కొన్నేళ్లుగా ఆ ఉయ్యాలకు తోడుగా, కొన్ని ఇళ్లలో దాని బదులుగా, చుట్టూ ఊచలున్న చిన్న మంచం వచ్చి చేరింది. దుకాణాల్లో దీన్ని బేబీ కాట్ అంటారు. కొందరు బరంపురంలోనో శ్రీకాకుళంలోనో కొని తెస్తున్నారు, కొందరు ఫోనులో చూసి ఆన్‌లైన్‌లో తెప్పిస్తున్నారు, మిగిలినవారు ఊళ్లోని వడ్రంగికి చెప్పి టేకుతోనో మామిడి చెక్కతోనో చేయిస్తున్నారు. బిడ్డకు విడిగా పడక ఉండాలన్న ఆలోచన చాలా మంచిది. అయితే ఆ మంచాన్ని ఎంచుకునేటప్పుడు మనవాళ్లు చూస్తున్నది నగిషీ, రంగు, ధర మాత్రమే. టేపు పెట్టి కొలిచి కొనేవారు నాకు అరుదుగా కనిపించారు. ప్రసూతి వార్డులో నర్సుగా చాలాకాలం పనిచేసి, ఇప్పుడు పర్లాకిమిడిలో ఉంటున్న నేను ఈ కొలతలను మీ పత్రిక ద్వారా తెలుగు తల్లిదండ్రులకు, అంతకంటే ముఖ్యంగా మన వడ్రంగులకు చేరవేయాలని కోరుతూ ఈ ఉత్తరం రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు చూడవలసినది ఊచకూ ఊచకూ మధ్య ఉన్న సందు. బిడ్డ తల పట్టనంత సందు ఉంటే చాలునని చాలామంది అనుకుంటారు. ప్రమాదం తలతో మొదలుకాదు. బిడ్డ నిద్రలో కాళ్లు కదుపుతూ కిందికి జారినప్పుడు ముందు పాదాలు, తరువాత తుంటి భాగం ఊచల మధ్య నుంచి బయటికి జారిపోతాయి, తల మాత్రం పట్టక లోపలే ఉండిపోతుంది, ఒంటి బరువంతా మెడ మీద పడుతుంది. అందుకే తలను కాక తుంటిని దృష్టిలో ఉంచుకుని సందును నిర్ణయించారు. అమెరికా నిబంధన ప్రకారం ఆ సందు సుమారు 6 సెంటీమీటర్లకు మించకూడదు. ఐరోపా ప్రమాణం 4.5 నుంచి 6.5 సెంటీమీటర్ల వరకు అనుమతిస్తుంది. మరీ ఇరుకైతే చేయో కాలో ఇరుక్కునే అవకాశం ఉన్నందున కింది హద్దు కూడా పెట్టారు. 4.5కు తగ్గకుండా, 6కు మించకుండా చేయిస్తే రెండు ప్రమాణాలకూ సరిపోతుంది.

నిరుడు మా మేనకోడలి కాన్పుకు ముందు మంచం చేయిస్తున్నామంటే చూడటానికి మా వీధి చివరి వడ్రంగి కార్ఖానాకు వెళ్లాను. టేకు మంచం దాదాపు తయారై గోడకు ఆనించి ఉంది. రందా పట్టిన తీరు ముచ్చటగా ఉంది, పట్టెల అంచులను సైతం చేతికి గుచ్చుకోకుండా గుండ్రంగా తీశాడు. ఆ వడ్రంగి తన అరచేతిని అడ్డంగా ఊచల మధ్యలోంచి దూర్చి, గాలి బాగా ఆడుతుందమ్మగారూ అని చూపించాడు. పెద్దవారి అరచేయి అడ్డంగా దూరిందంటేనే సందు ఎక్కువైనట్టు. వాళ్ల అబ్బాయి జామెట్రీ బాక్సులోని స్కేలు తెప్పించి కొలిస్తే 9 సెంటీమీటర్లు ఉంది. విషయం వివరించగానే అతను క్షణం కూడా వాదించలేదు. ‘కొలత చెబితే చెయ్యలేమా సిస్టరమ్మగారూ? వచ్చినవాళ్లంతా ఫోనులో బొమ్మ చూపించి అచ్చం ఇలాగే కావాలంటారు గాని, సందు ఎంతుండాలో ఒక్కరూ చెప్పరు’ అన్నాడు. పై పట్టెనూ కింది పట్టెనూ మార్చి, పొడుగు పక్కకు పది ఊచలున్న చోట పదిహేను బిగించాడు. లోపలి పొడవు 120 సెంటీమీటర్లు ఉన్న పక్కకు 2 సెంటీమీటర్ల మందం గల ఊచలు పదిహేను వేస్తే సందు సుమారు 5.6 సెంటీమీటర్లు వస్తుంది. 60 సెంటీమీటర్ల వెడల్పు పక్కకు అవే ఊచలు ఏడు వేస్తే 5.75 వస్తుంది. ఈ రెండు లెక్కలూ గుర్తుంటే ఏ వడ్రంగైనా మంచం బిగించగలడు. ముందుగా చెబితే అదనంగా అయ్యేది ఆ ఎక్కువ ఊచల చెక్క ఖర్చే.

మన వడ్రంగుల పనితనం మీద నాకు ఎంతో గౌరవం ఉంది. అయినా చంటిబిడ్డ మంచం తలాపి వైపు నెమలి, శంఖం, జగన్నాథుని కళ్లు చెక్కి, మధ్యలో రంధ్రాలు పడేలా కోసి తీసే జాలీ పని వద్దని చెప్పక తప్పదు. ఆ రంధ్రాల్లో బిడ్డ తల, చేయి, వేలు ఏదైనా చిక్కుకోవచ్చు. చెక్కదలచినవారు పలక వెనుక తెరుచుకోకుండా పైపైన చెక్కించుకోవచ్చు. అలాగే నాలుగు మూలలా మంచం కోళ్ల మీద గుబ్బలు పెట్టించడం మనకు అలవాటు. లేచి నిలబడే వయసులో బిడ్డ చొక్కా మెడ ఆ గుబ్బకు తగులుకుంటే ఊపిరాడని పరిస్థితి వస్తుంది. మూలకోళ్లు పై పట్టెతో సమానంగా, నున్నగా తేలిపోవాలి.

ఒక పక్కను కిందికి దించుకునే ఏర్పాటు ఉన్న మంచాలు ఇప్పటికీ పాత సామాను దుకాణాల్లోనూ, బంధువుల ఇళ్ల అటకల మీదా కనిపిస్తున్నాయి. తల్లికి వంగకుండా బిడ్డను ఎత్తుకోవడం సులువవుతుందని వీటిని ఇష్టపడతారు. ఆ జారుడు పక్క బిగింపులు అరిగిపోయి ఊడినప్పుడు పరుపుకూ పక్కకూ మధ్య సందు ఏర్పడి, అందులో బిడ్డ జారి ఇరుక్కుంటుంది. అమెరికాలో 2000 తరువాతి పదేళ్లలో కనీసం 32 మంది పసిపిల్లలు ఈ విధంగా చనిపోయారని అక్కడి వినియోగ వస్తువుల భద్రతా సంఘం గుర్తించింది. 2011 జూన్ 28 నుంచి ఇటువంటి మంచాల తయారీని, అమ్మకాన్ని ఆ దేశంలో నిషేధించారు. నాలుగు పక్కలూ కదలకుండా ఉన్న మంచాన్నే మనమూ ఎంచుకోవాలి.

మరి తల్లి నడుము మాటేమిటని అడగవచ్చు. ఆపరేషన్ కాన్పు అయిన తల్లికి లోతైన మంచంలోకి వంగి బిడ్డను తీయడం నిజంగా బాధాకరం. దానికి తగిన ఉపాయం పరుపు కింది పలకను రెండు ఎత్తుల్లో బిగించుకునే వీలు కల్పించడం. మొదటి నాలుగైదు నెలలు పలకను పై మెట్టులో, అంటే పై పట్టెకు కనీసం 30 సెంటీమీటర్ల కింద ఉంచవచ్చు. బిడ్డ తనంతట తాను కూర్చోవడానికి ప్రయత్నించడం కనిపించిన రోజునే కింది మెట్టుకు దించేయాలి. కింది మెట్టులో పలక నుంచి పై పట్టె అంచు వరకు 60 సెంటీమీటర్లు ఉండాలి. 10 సెంటీమీటర్ల పరుపు వేశాక 50 సెంటీమీటర్ల లోతు మిగులుతుంది. నిలబడిన బిడ్డకు పై పట్టె రొమ్ము కిందికి వచ్చినా, ఎత్తు దాదాపు 90 సెంటీమీటర్లకు చేరినా ఇక ఆ మంచంలో పడుకోబెట్టకూడదు. చక్రాలు పెట్టించుకునేవారు కనీసం రెండింటికైనా ఆపు ఉండేలా చూసుకోవాలి.

ఇక పరుపు. దీని గురించి ఎక్కువగా రాయవలసి ఉంది, ఎందుకంటే సౌకర్యం అనగానే మనకు మెత్తదనమే గుర్తుకొస్తుంది. పుట్టింటివారు ప్రేమగా బూరుగు దూదితో బొద్దుగా కుట్టించి తెచ్చే పరుపు మీద పెద్దవారికి హాయిగానే ఉంటుంది. నెలల బిడ్డకు మాత్రం అది సరిపడదు. మెత్తటి పరుపులో బిడ్డ ముఖం ఒక పక్కకు ఒరిగి కూరుకుపోతే, తాను వదిలిన గాలినే తిరిగి పీల్చుకోవలసి వస్తుంది. ఆ గాలిలో ప్రాణవాయువు తగ్గి, బొగ్గుపులుసు వాయువు పెరుగుతుంది. పెద్దవాళ్లమైతే నిద్రలోనే తల తిప్పుకుంటాం. ఆ వయసు బిడ్డకు మెడలో అంత బలమూ ఉండదు, మేలుకుని తప్పుకునే శక్తీ పూర్తిగా వచ్చి ఉండదు. అందుచేత పరుపు గట్టిగా, సమతలంగా, ఏ వైపూ ఎత్తు లేకుండా ఉండాలి. కొబ్బరి పీచు పరుపు గానీ గట్టి ఫోము గానీ ఇందుకు పనికి వస్తాయి. దుకాణంలోనే అరచేతితో పరుపు నడుమ గట్టిగా అదిమి చేయి తీయండి. గుంట వెంటనే పూడిపోవాలి, చేతి అచ్చు మిగిలి ఉంటే ఆ పరుపు వద్దు. వాడిన పరుపు అయితే నడుమ గుంట పడిందేమో చూడాలి. తోబుట్టువు వాడిన మంచం తీసుకున్నా, పరుపును మాత్రం కొత్తగా కొనడమే మంచిదని నా అభిప్రాయం.

పరుపు మంచానికి సరిగ్గా అమరాలి. అంచుకూ ఊచలకూ మధ్య రెండు వేళ్ల కంటే ఎక్కువ సందు ఉండకూడదు. మంచం ఒకచోట, పరుపు మరొకచోట తీసుకునే మన ప్రాంతంలో ఎక్కువ పొరపాట్లు ఇక్కడే జరుగుతున్నాయి. మంచం పూర్తయ్యాక దాని లోపలి పొడవు, వెడల్పు కొలుచుకుని ఆ కాగితంతో పరుపు దుకాణానికి వెళ్లాలి. పరుపు చుట్టూ వచ్చే పల్చటి ప్లాస్టిక్ సంచిని తడి తగలకుండా ఉంటుందని అలాగే ఉంచేస్తుంటారు. అది బిడ్డ ముఖానికి అతుక్కుంటుంది కనుక వెంటనే తీసేయాలి. తడి అంటకుండా గట్టి రబ్బరు షీటు వేసి, దాని మీద నాలుగు మూలలా పరుపు కిందికి దోపిన పల్చటి నేత గుడ్డ ఒక్కటి పరిస్తే చాలు. అమ్మమ్మ పాత చీరలతో కుట్టిన బొంతను మడతలు పెట్టి పరుపు మీద మరో పొరగా వేయడం వద్దు. ఆ బొంత మీద బిడ్డను మెలకువలో, కళ్లెదుట, నేల మీద ఆడించుకోవచ్చు.

మంచంలో బిడ్డ తప్ప మరేమీ ఉండకూడదన్నది అందరికీ కష్టంగా తోచే మాట. బిడ్డ తల గుండ్రంగా రావాలని ఆవాలు పోసి కుట్టిన దిండు పెట్టడం మన ఇళ్లలోనూ, ఒడియా ఇళ్లలోనూ ఉన్న అలవాటు. ఏడాది నిండేదాకా ఏ దిండూ అవసరం లేదు. ఆ దిండు బిడ్డ గడ్డాన్ని రొమ్ము మీదికి వంచి ఊపిరి దారిని ఇరుకు చేస్తుంది, కుట్టు విడిపోతే ఆవాలు ముక్కులోకీ నోట్లోకీ పోతాయి. తల ఒక పక్క అణగకుండా ఉండాలంటే ఒక రాత్రి తలను మంచం ఈ వైపుకు, మరుసటి రాత్రి ఆ వైపుకు పెట్టి పడుకోబెట్టాలి, మెలకువగా ఉన్నప్పుడు కాసేపు బోర్లా వేసి ఆడించాలి. దొర్లిపోకుండా రెండు పక్కలా పెట్టే గుండ్రటి చిన్న దిండ్లు, తల ఊచలకు తగలకుండా లోపలివైపు చుట్టూ కట్టే మెత్తటి దూది తెరలు, బొచ్చు బొమ్మలు, ఇవన్నీ దుకాణాల్లో ఒకే సెట్టుగా అమ్ముతారు. తలకు చిన్న దెబ్బ తగిలితే బిడ్డ ఏడుస్తుంది, మనం ఎత్తుకుంటాం. దూది తెరలో ముఖం ఇరుక్కున్న బిడ్డ ఏడవలేదు. అమెరికాలో 2022లో చేసిన చట్టం ఈ దూది తెరల అమ్మకాన్ని, 10 డిగ్రీల కంటే ఎక్కువ వాలు ఉన్న పడకల అమ్మకాన్ని కూడా నిషేధించింది. సెట్టు కొనవద్దని నేను చెప్పిన తల్లులు కొందరు, పక్కింటివారు మంచం బోసిగా ఉందంటారేమోనని వెనకాడారు. అలా బోసిగా ఉండటమే క్షేమమని ప్రతి అత్తగారికీ, ప్రతి అమ్మమ్మకూ ఈ ఉత్తరం ద్వారా మనవి చేస్తున్నాను.

బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టాలనగానే పెద్దవారు అడిగే మొదటి ప్రశ్న, పాలు తాగి కక్కుకుంటే ఊపిరాడదు కదా అని. ఆ భయం సహజమే గాని, శరీర నిర్మాణం అందుకు భిన్నంగా ఉంది. మనిషి గొంతులో ఊపిరి గొట్టం ముందువైపు, ఆహార గొట్టం దాని వెనుక ఉంటాయి. వెల్లకిలా పడుకున్నప్పుడు ఊపిరి గొట్టం పైన, ఆహార గొట్టం కింద ఉంటాయి కనుక పైకి వచ్చిన పాలు ఊపిరి గొట్టంలోకి ఎక్కాలంటే ఎదురెక్కాలి. బోర్లా వేసినప్పుడు ఈ వరుస తిరగబడి, పాలు ఊపిరి గొట్టం వైపే జారుతాయి. పాలు పట్టిన వెంటనే భుజాన వేసుకుని తేనుపు వచ్చేదాకా ఉంచి, ఆ తరువాత వెల్లకిలా పడుకోబెడితే చాలు. బ్రిటన్‌లో 1991లో ఈ ప్రచారం మొదలైంది. అమెరికా శిశువైద్యుల అకాడమీ 1992లో బోర్లా పడుకోబెట్టవద్దని సూచించింది, 1994లో దేశవ్యాప్త ప్రచారం జరిగింది, ఆ తరువాతి సంవత్సరాల్లో నిద్రలో అకస్మాత్తుగా సంభవించే శిశు మరణాలు అక్కడ సగానికి పైగా తగ్గాయి. తనంతట తాను రెండు వైపులా దొర్లడం నేర్చిన బిడ్డ నిద్రలో పక్కకు తిరిగితే మళ్లీ సరిచేయనక్కరలేదు. పడుకోబెట్టడం మాత్రం ఏడాది నిండేదాకా వెల్లకిలాగానే జరగాలి.

చీర ఉయ్యాల గురించి చెప్పకపోతే ఈ ఉత్తరం అసంపూర్ణం. దూలానికి తల్లి చీర కట్టి అందులో బిడ్డను ఊపడం మన ఇళ్లలోని అపురూపమైన అలవాటు. దాన్ని మానేయమని నేను చెప్పడం లేదు. బారసాల నాడు ఉయ్యాలలో వేయాలి, పాట పాడాలి, పగటిపూట కళ్ల ముందు ఊపుకోవాలి. అయితే అందులో బిడ్డ వీపు విల్లులా వంగి గడ్డం రొమ్మును తాకుతుంది కనుక, నిద్రపోయిన బిడ్డను సమతలమైన పరుపు మీదికి మార్చాలి, రాత్రంతా అందులో ఉంచకూడదు. కాస్త పెద్దపిల్లలు అదే చీరలో మెలికలు తిరుగుతూ ఆడుకుని, మెడకు బిగుసుకుని మరణించిన ఘటనలు మన దేశపు వైద్య పత్రికల్లో నమోదై ఉన్నాయి. బిడ్డ లేనప్పుడు చీరను దూలం మీదికి ఎగదోసి ముడి వేయాలి.

తల్లి పక్కలోనే బిడ్డ పడుకోవడం కూడా అటువంటిదే. బిడ్డ మంచం తల్లి మంచానికి పక్కనే, చేయి చాచితే అందేటంత దగ్గరలో, అదే గదిలో కనీసం 6 నెలల పాటు ఉండాలన్నది శిశువైద్యుల సలహా. రాత్రి పాలు పట్టాక మళ్లీ చిన్న మంచంలోకి మార్చాలి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ అయినా, పుట్టినప్పుడు రెండున్నర కిలోలకు తక్కువ బరువున్న బిడ్డ అయినా, మంచంపై బీడీ, సిగరెట్ తాగేవారో మద్యం తాగినవారో పడుకునేటట్లయినా ఈ నియమం తప్పనిసరి. సోఫాలో బిడ్డను రొమ్ము మీద వేసుకుని కునుకు తీయడం వీటన్నిటికంటే ప్రమాదకరం.

మన జిల్లాల్లో మలేరియా బెడద తెలియనిది కాదు. రాయగడ, గజపతి, కొరాపుట్ కొండ గ్రామాల్లో దోమతెర లేకుండా బిడ్డను పడుకోబెట్టడం ఊహించలేం. అందుచేత దోమతెర కట్టడానికి వీలుగా మంచాన్ని చేయించాలి. ఇక్కడ కూడా తీరు ముఖ్యం. తెర మంచానికి నాలుగు వైపులా బిగువుగా సాగి, అంచులు పరుపు కిందికి గట్టిగా దోపి ఉండాలి. వదులుగా వేలాడే తెరను బిడ్డ చేత్తో లాగి ముఖం మీద కప్పుకుంటుంది. గొడుగులా మడిచే చిన్న తెరలు పడక మీద పరిచే పరుపుతో కలిపి అమ్ముతారు, ఆ పరుపులు చాలావరకు మెత్తగానే ఉంటాయి, కొనేవారు పైన చెప్పిన అరచేతి పరీక్ష చేసి చూడాలి. దోమల కాయిల్ పొగ, స్నానం తరువాత పట్టే సాంబ్రాణి పొగ బిడ్డ పడుకునే గదిలో నిలవకూడదు.

వేసవిలో గుణుపురం, పర్లాకిమిడి ఉక్కకు బిడ్డ చెమటలు కక్కుతుంది. ఫ్యాను వేయవచ్చు, గాలి ఆడటం మేలే. బిడ్డ వెచ్చదనం తెలుసుకోవడానికి అరిచేతులు కాక మెడ వెనుక భాగమో పొట్టో తాకి చూడాలి, అక్కడ చెమట ఉంటే ఒక గుడ్డ తీసేయాలి. చలికాలంలో కొండ ప్రాంతాల్లో దుప్పటి కప్పడానికి బదులు ఒంటికే మరో పొర బట్ట వేయాలి. తప్పనిసరిగా కప్పవలసి వస్తే, బిడ్డ పాదాలు మంచం కాళ్లవైపు పలకను తాకేలా కిందికి పడుకోబెట్టి, పల్చటి గుడ్డను రొమ్ము వరకే కప్పి రెండు పక్కలా దోపాలి. తక్కువ బరువుతో పుట్టిన బిడ్డకు మొదటి వారాల్లో టోపీ పెట్టమని ఆసుపత్రిలో చెబితే ఆ మాట పాటించాలి. ఆరోగ్యంగా ఎదుగుతున్న బిడ్డకు గదిలో నిద్రపోతున్నప్పుడు టోపీ అవసరం లేదు.

రంగు విషయం క్లుప్తంగా చెబుతాను. పళ్లు వచ్చే వయసులో బిడ్డ పై పట్టెను కొరుకుతుంది. మన దేశంలో ఇళ్లకు వాడే రంగుల్లో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలకు మించకూడదన్న నిబంధన 2016లో వచ్చి, 2017 నవంబర్ 1 నుంచి అమలులో ఉంది. అంతకు ముందు పూసిన రంగులో సీసం ఎంతైనా ఉండవచ్చు. తాతల నాటి మంచానికి గరుకు కాగితం పట్టి రంగు గీకించడం బిడ్డ ఉన్న ఇంట్లో అసలు చేయకూడదు, ఆ పొడి మరింత ప్రమాదకరం. కొత్త మంచానికి లక్క పాలిష్ పట్టించి, వాసన పూర్తిగా పోయేదాకా కొన్ని వారాలు గాలి తగిలే చోట ఉంచితే సరిపోతుంది. అందుకే కాన్పుకు చాలా ముందుగానే పని మొదలుపెట్టించాలి. మరలు, బోల్టులు నెలకొకసారి తిప్పి చూడటం, ఊచలను ఒక్కొక్కటిగా లాగి చూడటం తండ్రి చేయదగిన పని.

మంచం ఎక్కడ వేయాలన్నది కూడా ఎంపికలో భాగమే. పైన దండెం ఉండకూడదు, ఆరేసిన చీర జారి బిడ్డ మీద పడుతుంది. కిటికీ తెర తాళ్లు, ఛార్జర్ తీగలు, స్టాండు ఫ్యాను వైరు బిడ్డ చేయి అందని దూరంలో ఉండాలి. దిష్టి తగలకుండా మెడలో కట్టే నల్ల తాడు, తాయెత్తు నిద్రవేళ తీసేయాలని నేను చెప్పిన ఇళ్లలో పెద్దవారు మొదట నొచ్చుకున్నారు. మొలతాడు ఉందిగా, మెడలోది పగలు వేద్దామంటే ఒప్పుకున్నారు. ఇనుము దగ్గర ఉండాలని పక్కలో చిన్న కత్తో అట్లకాడో పెట్టే అలవాటు ఉన్నవారు దాన్ని మంచంలో కాక, మంచం కింద నేల మీద పెట్టుకోవచ్చు.

ఇవన్నీ తెలిసినవారు లేక కాదు. సమాచారం తెలుగులో, కొలతలతో, కొనేవారి చేతికి అందకపోవడం వల్లనే ఇంత రాయవలసి వచ్చింది. మా ఆరోగ్య కేంద్రాల్లో గోడల మీద ఉన్న రాతలు ఒడియాలో ఉంటాయి, ఆన్‌లైన్‌లో వచ్చే మంచాల పెట్టెలోని కాగితాలు ఇంగ్లీషులో ఉంటాయి. పిల్లల బొమ్మలకు 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి అయింది కనుక, బొమ్మ కొనే తల్లి ఆ గుర్తును వెతుకుతుంది. ఊరి వడ్రంగి చేసే మంచానికి అటువంటి గుర్తు ఉండదు, అక్కడ తల్లి చేతిలోని టేపే ఆధారం.

మీ ద్వారా రెండు విన్నపాలు చేసుకుంటున్నాను. ఆసుపత్రిలో పుట్టిన ప్రతి బిడ్డ ఇంటికీ ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో వెళ్లి బరువు, ఒంటి వెచ్చదనం, పాలు తాగే తీరు చూస్తుంది. ఆ సందర్శనల్లోనే బిడ్డ పడుకునే చోటును కూడా చూసి, ఊచల సందు, పరుపు గట్టిదనం, మంచంలోని దిండ్లు పరిశీలించేలా జిల్లా ఆరోగ్య అధికారులు ఆదేశించాలి. తెలుగువారు ఎక్కువగా ఉన్న పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం వంటి చోట్ల ఆ సూచనల కార్డు తెలుగులోనూ ముద్రించి ఇవ్వాలి. దీనికి కొత్త ఉద్యోగాలు గానీ పెద్ద నిధులు గానీ అవసరం లేదు.

రెండవది మీ పత్రికకే. మీ ఆదివారం సంచికలో పావు పేజీ కేటాయించి, చంటిబిడ్డ మంచం బొమ్మ వేసి, ఊచల సందు, పై పట్టె ఎత్తు, పలక రెండు మెట్లు, పరుపు మందం, అంచు సందు కొలతలను అంకెల్లో ముద్రించవలసిందిగా కోరుతున్నాను. ముద్రించే ముందు ఒక శిశువైద్యునికీ ఒక అనుభవజ్ఞుడైన వడ్రంగికీ చూపించి సరిచూసుకోగలరు. ఆ పేజీని జెరాక్సు తీయించి మా ఊరిలోనూ, చుట్టుపక్కల గ్రామాల్లోనూ ఉన్న వడ్రంగి కార్ఖానాలకు, అంగన్‌వాడీ కేంద్రాలకు పంచే బాధ్యత నేను తీసుకుంటాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ప్రసూతి వార్డు నర్సు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా.